పడుగు మీది గంజి: డిగ్రీలో జీవరసాయన శాస్త్రం

జీవరసాయన శాస్త్రం కణంలో జరిగే చర్యల లెక్క చూస్తుంది. ఏ పదార్థం దేనిగా మారుతోంది, ఏ బంధం తెగుతోంది, ఎంత వేగంగా, ఎంత శక్తి ఖర్చుతో అని అడుగుతుంది. ఆ చర్యలను నడిపే ప్రోటీన్ల సమాచారం డీఎన్‌ఏలో ఎలా నిల్వ ఉంటుంది, ఎలా నకలవుతుంది, అవసరమైన వేళకు ఎలా బయటికి వస్తుంది అన్నది అణుజీవశాస్త్రం చూసుకునే పని. డిగ్రీలో ఈ రెండిటినీ ఒకే సబ్జెక్టుగానో జంట సబ్జెక్టులుగానో చెబుతారు. చాలామంది విద్యార్థులకు మాత్రం ఇది బాణం గుర్తులతో నిండిన పెద్ద చార్టుగానే గుర్తుండిపోతుంది. గ్లైకాలిసిస్‌లో 10 మెట్లు, క్రెబ్స్ చక్రంలో 8, అమైనో ఆమ్లాలు 20, వాటికి సంకేతాలు 61. ఇవన్నీ బట్టీ పట్టి పరీక్ష గట్టెక్కవచ్చు. కానీ ఒక ఎంజైమ్ ఒక బంధాన్ని తెంచి, దాదాపు అలాగే ఉన్న ఇంకో బంధాన్ని ఎందుకు ముట్టదో చెప్పలేకపోతే ఆ చార్టు వల్ల ఒరిగేదేమీ లేదు.

ఆ ప్రశ్న మహారాష్ట్రలోని థానే జిల్లా భివండీలో, తెలుగువాళ్ళకు బాగా తెలిసిన పనిలోనే ఎదురవుతుంది. భివండీ పవర్‌లూముల పట్టణం. శాంతి నగర్ లాంటి పేటల్లో సాంచెల షెడ్లూ కార్మికుల ఇళ్ళూ గోడకు గోడ ఆనుకుని ఉంటాయి. తెలంగాణ జిల్లాల నుంచి వచ్చిన పద్మశాలీ కుటుంబాలు తరాలుగా ఈ పట్టణంలో ఉన్నాయి. సాంచె ఎక్కే ముందు పడుగు నూలు సైజింగ్ కార్ఖానాకు వెళ్తుంది. అక్కడ వందల పోగులు ఒక్కసారిగా వేడి గంజి తొట్టిలో మునిగి, రోలర్ల మధ్య నలిగి, ఆవిరితో కాగే సిలిండర్ల మీద ఆరి, భీముకు చుట్టుకుంటాయి. పేక నూలుకు ఈ తతంగం అక్కర్లేదు. బిగువుగా నిలబడి, నిమిషానికి వందకు పైగా సార్లు లేస్తూ దిగుతూ, రీడ్ పళ్ళకు రాసుకునేది పడుగే. గంజి పట్టించకపోతే నూగు లేచి పోగులు పటపటా తెగుతాయి.

నేత అయిపోయాక అదే గంజి అడ్డం. గంజి పొర ఉన్న కోరా బట్ట నీటిని సరిగా పీల్చదు, రంగు మచ్చలు మచ్చలుగా పడుతుంది. అందుకే ప్రాసెసింగ్ మిల్లుల్లో మొదటి పని గంజి తీయడం. ఇక్కడే రసాయన శాస్త్రానికి చిక్కు వస్తుంది. గంజిలో ఉన్నది గ్లూకోజ్ అణువుల గొలుసు, పత్తి నూలులో ఉన్నదీ గ్లూకోజ్ అణువుల గొలుసే. ఒకదాన్ని కరిగించాలి, రెండోది చెక్కుచెదరకూడదు.

రెండు గొలుసులకూ తేడా ఒక్క బంధం దిశలో ఉంది. గ్లూకోజ్ వలయంలో ఒకటో కార్బన్ మీది ఆక్సిజన్ వలయానికి ఒక వైపు ఉంటే ఆల్ఫా రూపం, రెండో వైపు ఉంటే బీటా రూపం. పిండి పదార్థంలో గ్లూకోజ్‌లు ఆల్ఫా 1,4 బంధాలతో కలుస్తాయి. ప్రతి బంధం దగ్గర గొలుసు కాస్త వంగుతుంది. అలా వంగుతూ పోయి అమైలోజ్ అనే భాగం చుట్టకు సుమారు 6 గ్లూకోజ్‌లతో సర్పిలంగా చుట్టుకుంటుంది. అమైలోపెక్టిన్ అనే మరో భాగంలో 1,6 బంధాల దగ్గర కొమ్మలు వేస్తుంది. చుట్టూ నీళ్ళు చేరడానికి చోటున్న నిర్మాణం కాబట్టి వేడి చేస్తే రేణువులు ఉబ్బి చిక్కబడతాయి. అన్నం వార్చిన గంజిలో జరిగేదీ ఇదే. సెల్యులోజ్‌లో బంధం బీటా 1,4. ఒక గ్లూకోజ్ ఉన్న తీరుకు పక్క గ్లూకోజ్ 180 డిగ్రీలు తిరిగి ఉంటుంది. దాంతో గొలుసు తిన్నగా సాగుతుంది. తిన్నని గొలుసులు పక్కపక్కన పడుకుని హైడ్రోజన్ బంధాలతో బిగుసుకుని స్ఫటికాలవుతాయి, నీటిని లోపలికి రానివ్వవు. పత్తి పీచులో 90 శాతానికి పైగా ఈ సెల్యులోజే. పిండిని అరిగించుకునే మనిషి పత్తిని అరిగించుకోలేకపోవడానికి కారణం ఇంతకంటే పెద్దదేమీ కాదు.

పలుచని ఖనిజామ్లంతో బట్టను నానబెడితే గంజి తెగుతుంది. కానీ ఆమ్లానికి ఆల్ఫా, బీటా అనే పక్షపాతం లేదు. కాస్త గాఢత పెరిగినా, బట్ట మీద కాస్త ఎక్కువసేపు ఆరినా నూలు పిప్పి అవుతుంది. నీళ్ళలో రాత్రంతా నానబెట్టి సూక్ష్మజీవులకు వదిలేయడం మరో పాత పద్ధతి. అందులో ఏ సూక్ష్మజీవి చేరుతుందో, ఏం తింటుందో ఎవరి అదుపులోనూ ఉండదు. 1833లో ఫ్రాన్స్‌లో పయెన్, పెర్సో అనే ఇద్దరు మొలకెత్తిన బార్లీ నుంచి పిండిని చక్కెరగా మార్చే పదార్థాన్ని వేరుచేసి డయాస్టేజ్ అని పేరు పెట్టారు. వేరుచేసిన తొలి ఎంజైమ్‌గా చరిత్ర చెప్పేది దీన్నే. అది బట్టల మిల్లులకూ చేరింది. 1917లో బ్వాదిన్, ఎఫ్రాన్ అనే శాస్త్రవేత్తలు బాసిలస్ సబ్టిలిస్ బాక్టీరియా నుంచి తీసిన, పిండిని తెంచే అమైలేజ్ అనే ఎంజైమ్‌ను గంజి తీయడానికి వాడే పద్ధతి తెచ్చారు. నేటి మిల్లులు వాడే ఎంజైములు ఆ దారిలో వచ్చినవే.

ఆల్ఫా బంధాన్ని తెంచి బీటాను వదిలేసే విచక్షణ అమైలేజ్‌కు ఎక్కడిది? డిగ్రీ మొదటి ఏడాదిలోనే వచ్చే తాళం, తాళంచెవి పోలిక పుట్టింది సరిగ్గా ఈ ప్రశ్న దగ్గరే. 1894లో జర్మన్ రసాయన శాస్త్రవేత్త ఎమిల్ ఫిషర్ ఆల్ఫా, బీటా గ్లూకోసైడ్‌లను రెండు ఎంజైముల ముందు పెట్టి చూశాడు. ఈస్ట్ నుంచి తీసినది ఆల్ఫాను మాత్రమే తెంచింది. బాదం గింజల నుంచి తీసిన ఎమల్సిన్ బీటాను మాత్రమే తెంచింది. ఆకారం కలిస్తేనే చర్య జరుగుతుందని చెప్పడానికి ఫిషర్ ఆ పోలిక వాడాడు. ప్రోటీన్ అంత బిర్రుగా ఉండదనీ, ఎంజైమ్ పనిచేసే పదార్థం, అంటే సబ్‌స్ట్రేట్, వచ్చి కూర్చునేటప్పుడు తానూ సర్దుకుంటుందనీ 1958లో డేనియల్ కోష్లాండ్ సవరణ చెప్పాడు. పాఠ్యపుస్తకాలు ఈ రెండిటినీ ప్రత్యర్థి సిద్ధాంతాల్లా ఎదురెదురుగా నిలబెడతాయి. రెండోది మొదటిదానికి పొడిగింపు అనుకోవడమే సబబు.

ఆల్ఫా అమైలేజ్ అణువులో ఒక లోతైన గాడి ఉంటుంది. వంకర తిరిగిన ఆల్ఫా గొలుసు అందులో ఇముడుతుంది, తిన్నని బీటా గొలుసు ఇమడదు. గాడి అడుగున రెండు ఆస్పార్టిక్ ఆమ్లాలు, ఒక గ్లుటామిక్ ఆమ్లం కలిసి బంధాన్ని తెంచుతాయి. గొలుసులో ఈ మూడూ ఒకదానికొకటి దూరంగా ఉంటాయి. ప్రోటీన్ ముడుచుకున్నాకే ఒక్క చోటికి వస్తాయి. ఆ ముడతకు ఏ కోణాలు సాధ్యమో, ఏవి కావో 1963లో మద్రాసు విశ్వవిద్యాలయంలో జి.ఎన్. రామచంద్రన్ బృందం లెక్కగట్టింది. రామచంద్రన్ ప్లాట్ ప్రపంచంలో ఎక్కడ జీవరసాయన శాస్త్రం చెప్పినా సిలబస్‌లో ఉంటుంది.

గంజి తొట్టిలో పిండి ఒక్కటే ఉండదు. చింతగింజల పొడి చాలాకాలంగా సైజింగ్‌లో వాడుకలో ఉంది. అందులోని జైలోగ్లూకాన్ వెన్నెముక బీటా 1,4 గ్లూకోజ్ గొలుసే, సెల్యులోజ్‌కు దగ్గరి చుట్టం. అమైలేజ్ దాన్ని ముట్టదు. పాలియెస్టర్, బ్లెండ్ నూళ్ళకు పాలీవినైల్ ఆల్కహాల్ లాంటి కృత్రిమ పదార్థాలు పట్టిస్తారు. వాటినీ ముట్టదు. ఏ గంజి పెట్టారో తెలియకుండా ఎంజైమ్ పోస్తే డబ్బు దండగ. ఇంకో మెలిక కూడా ఉంది. గంజి పోయిందో లేదో చూడటానికి బట్ట మీద అయోడిన్ చుక్క వేస్తారు, నీలం వస్తే గంజి మిగిలినట్టు. టెగెవా అనే 1 నుంచి 9 దాకా అంకెలున్న ఊదా రంగు పట్టీతో పోల్చి గ్రేడు ఇస్తారు. అయితే చింతగింజల జైలోగ్లూకాన్ కూడా అయోడిన్‌తో నీలం రంగు ఇవ్వగలదు. 19వ శతాబ్దపు వృక్షశాస్త్రజ్ఞులు గింజల్లోని ఈ పదార్థాన్ని పిండి లాంటిదనే అర్థంలో అమిలాయిడ్ అన్నది అందుకే. ఒక పరీక్షలో రంగు వచ్చినంత మాత్రాన పదార్థం రుజువైనట్టు కాదు. ప్రాక్టికల్స్‌లో కంట్రోల్ నాళికలు ఎందుకో విద్యార్థికి తలకెక్కేది ఇలాంటి చోటే.

డిగ్రీ ప్రయోగశాలలో తొలి ఎంజైమ్ ప్రయోగం సాధారణంగా లాలాజల అమైలేజ్‌తోనే చేయిస్తారు. విద్యార్థి నోరు పుక్కిలించి, లాలాజలం పట్టి, పలుచన చేస్తాడు. 1 శాతం పిండి ద్రావణం, పీహెచ్ 6.8 బఫర్, కొంచెం ఉప్పు నీళ్ళు కలిపి 37 డిగ్రీల నీటి తొట్టిలో పెడతాడు. తెల్ల పింగాణీ పలక గుంటల్లో ముందే అయోడిన్ చుక్కలు వేసి ఉంటాయి. నిమిషానికొకసారి మిశ్రమంలోంచి ఒక చుక్క తీసి ఒక్కో గుంటలో వేస్తాడు. మొదటి గుంట ముదురు నీలం. తర్వాత ఊదా, ఆపైన ఎర్రమట్టి రంగు, చివరికి అయోడిన్ సొంత పసుపు తప్ప ఏమీ ఉండదు. సర్పిలం పొడవుగా ఉన్నంతసేపే అయోడిన్ దాని లోపల వరసగా కూర్చుని నీలం చూపిస్తుంది. ముక్కలు పొట్టివయ్యే కొద్దీ రంగు ఎరుపు వైపు జరిగి మాయమవుతుంది. ఉప్పు వేయని నాళికలో పని నెమ్మదిస్తుంది, ఎందుకంటే ఈ ఎంజైమ్‌కు క్లోరైడ్ అయాన్ తోడు కావాలి. మరిగించిన లాలాజలం ఉన్న నాళిక చివరి గుంట దాకా నీలంగానే ఉంటుంది. పిండి ద్రావణాన్ని సరిగా ఉడికించకపోతే పలకలో రంగులు గందరగోళంగా వస్తాయి, ఆ తప్పు ఏటా ఏదో ఒక బ్యాచ్‌లో జరుగుతూనే ఉంటుంది.

రంగు పోవడానికి ఎన్ని నిమిషాలు పట్టిందన్నది ముతక కొలత. రెండో ఏడాదిలో డీఎన్ఎస్ కారకంతో, తెగిన కొనల దగ్గర బయటపడిన చక్కెరను కొలుస్తారు. ద్రావణం నారింజ ఎరుపుకు తిరుగుతుంది, 540 నానోమీటర్ల దగ్గర కలరీమీటర్‌లో చదువుతారు. పిండి గాఢత మార్చుతూ వేగం కొలిస్తే గ్రాఫు మొదట నిటారుగా లేచి తర్వాత చదునవుతుంది. 1913లో బెర్లిన్‌లో లియోనార్ మైకెలిస్, మాడ్ మెంటెన్ ఇచ్చిన సమీకరణం ఈ వంపును రెండు సంఖ్యల్లో చెబుతుంది. ఒకటి గరిష్ఠ వేగం, రెండోది అందులో సగం వేగానికి కావలసిన సబ్‌స్ట్రేట్ గాఢత. ఆ వంపును గీతగా మార్చే 1934 నాటి లైన్‌వీవర్, బర్క్ పద్ధతి తక్కువ గాఢతల దగ్గరి పొరపాట్లను పెంచి చూపిస్తుంది. కంప్యూటర్ అందుబాటులో ఉన్నా పరీక్షల్లో ఇంకా దాన్నే గీయిస్తున్నారు. స్కేలుంటే చాలు కదా.

కలరీమీటర్ ముందు నిలబడ్డ తెలుగు విద్యార్థికి సొంత గడ్డ పేరు ఒకటి తప్పక తగులుతుంది. ఫాస్ఫేట్ కొలవడానికి లోకమంతా నేర్పే పద్ధతి ఫిస్కే, సుబ్బారావు పద్ధతి. యెల్లాప్రగడ సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో పుట్టాడు. మద్రాసు వైద్య కళాశాలలో చదివి, 1920లలో అమెరికా చేరి, హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కే దగ్గర పనిచేశాడు. ఇద్దరూ కలిసి ఈ పద్ధతిని 1925లో ప్రచురించారు. ఆమ్ల ద్రావణంలో ఫాస్ఫేట్ అమ్మోనియం మాలిబ్డేట్‌తో కలిసి ఫాస్ఫోమాలిబ్డేట్ అవుతుంది. అమైనోనాఫ్తాల్ సల్ఫోనిక్ ఆమ్లం దాన్ని క్షయకరణం చేస్తే నీలం వస్తుంది. నీలం ఎంత ముదురైతే ఫాస్ఫేట్ అంత ఎక్కువ. అప్పట్లో రెండు ద్రావణాల రంగులను కంటితోనే పోల్చేవారు, ఇప్పుడు 660 నానోమీటర్ల దగ్గర యంత్రం చదువుతుంది. పరీక్షనాళికలను ఫాస్ఫేట్ ఉన్న సబ్బుపొడితో కడిగి వదిలేస్తే ఏమీ కలపని ఖాళీ నాళిక కూడా నీలం తిరుగుతుంది. ల్యాబ్ అసిస్టెంట్లు డిస్టిల్డ్ వాటర్‌తో మళ్ళీ కడగమని కేకలేసేది ఊరికే కాదు.

ఈ పద్ధతిని కండరాల సారంపై వాడినప్పుడు ఒక వింత కనిపించింది. రంగు ఒక్కసారిగా రావలసింది పోయి నిమిషాల పాటు నెమ్మదిగా పెరుగుతూ పోయింది. ప్రయోగం పాడైందని పారేయదగ్గ ఫలితమే అది. ఫిస్కే, సుబ్బారావులు పారేయలేదు. ఆమ్లంలో నెమ్మదిగా విడిపోతూ ఫాస్ఫేట్ వదిలే పదార్థం ఏదో కండరంలో ఉందని ఊహించి వెతికారు. 1927లో ఫాస్ఫోక్రియాటిన్ దొరికింది. 1929లో కణంలో శక్తిని మోసే ఏటీపీని వేరుచేశారు. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమన్ కూడా విడిగా ఏటీపీని కనుగొన్నాడు. కండరం కదలడానికి లాక్టిక్ ఆమ్లమే ఆధారమని అప్పటిదాకా నమ్మినవాళ్ళు లెక్క మార్చుకోవలసి వచ్చింది.

సుబ్బారావు 1940లో లెడర్లీ సంస్థకు మారాడు. అక్కడ ఆయన నాయకత్వంలోని బృందం ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. దాదాపు దాని ఆకారమే ఉండి దాని పని మాత్రం చేయని అమైనోప్టెరిన్, మెథోట్రెక్సేట్‌లు అక్కడే వచ్చాయి. 1948లో సిడ్నీ ఫార్బర్ అమైనోప్టెరిన్‌తో పిల్లల లుకేమియాను తాత్కాలికంగా తగ్గించి చూపాడు. రెండో ఏడాది విద్యార్థి గ్రాఫు కాగితం మీద గీసే పోటీ నిరోధానికి ఇంతకంటే గొప్ప ఉదాహరణ లేదు. డైహైడ్రోఫోలేట్ రిడక్టేజ్ అనే ఎంజైమ్ గాడిలో నకిలీ అణువు బైఠాయిస్తే అసలు అణువుకు చోటుండదు, డీఎన్‌ఏకు కావలసిన ముడిసరుకు ఆగిపోతుంది, వేగంగా విభజన చెందే కణాలు ముందు దెబ్బతింటాయి. బోదకాలు నివారణకు తెలుగు జిల్లాల్లో ఊరూరా పంచిన డీఈసీ మాత్ర కూడా ఆ ప్రయోగశాల నుంచే వచ్చింది. 1948 ఆగస్టులో, 53 ఏళ్ళకే సుబ్బారావు చనిపోయాడు.

మూడో ఏడాది పాఠం ఎంజైమ్ నుంచి దాని జన్యువుకు వెళ్తుంది. గంజి తీసే మిల్లుల్లో బట్ట వేడి ద్రావణంలో నడుస్తుంది, మామూలు అమైలేజ్ ఆ వేడికి ముడత విప్పుకుని చచ్చుబడుతుంది. బాసిలస్ లైకెనిఫార్మిస్ అనే బాక్టీరియా అమైలేజ్ మాత్రం 90 డిగ్రీల దగ్గర కూడా నిలబడుతుంది. దాన్ని కట్టిపట్టి ఉంచేవాటిలో కాల్షియం అయాన్లు ముఖ్యం. కాల్షియంను లాగేసుకునే రసాయనాలు తొట్టిలో కలిస్తే ఎంజైమ్ బలహీనపడుతుంది. ఈ ఎంజైమ్‌లో 483 అమైనో ఆమ్లాలున్నాయి. కణం దాన్ని తయారుచేసేటప్పుడు మొదట్లో 29 అమైనో ఆమ్లాల ముక్క ఒకటి చేరుస్తుంది. బయటికి పంపాల్సిన ప్రోటీన్ ఇదని చెప్పే గుర్తు అది, కణం పొర దాటాక తెగిపోతుంది. మొత్తం 512కి మూడేసి అక్షరాలు, చివర ఆగమని చెప్పే మూడు కలిపితే జన్యువులో 1,539 అక్షరాలు. జన్యు సంకేతం అంటే ఏమిటో ఈ చిన్న లెక్క చేసినవాడికి వేరే చెప్పనక్కర్లేదు. ఆ సంకేతాన్ని విప్పినందుకు హరగోవింద్ ఖొరానా, మార్షల్ నైరెన్‌బర్గ్, రాబర్ట్ హాలీలకు 1968లో నోబెల్ వచ్చింది. 1973లో కోహెన్, బోయర్ బృందాలు ఒక జీవి డీఎన్‌ఏ ముక్కను బాక్టీరియాలో పెట్టి పెంచే దారి చూపాయి. అప్పటినుంచి ఎంజైమ్ కావాలంటే అది సహజంగా తయారయ్యే జీవినే పెంచాల్సిన పని లేకపోయింది.

డిగ్రీ ప్రయోగశాలలో విద్యార్థి చేతికి అందే అణుజీవశాస్త్రం ముఖ్యంగా రెండు పనులు. ఒకటి డీఎన్‌ఏ తీసి అగరోజ్ జెల్ మీద పరుగెత్తించడం, రెండోది పీసీఆర్. 1983లో కారీ మల్లిస్‌కు తట్టిన పీసీఆర్‌లో ప్రతి చక్రానికీ నకళ్ళు రెట్టింపవుతాయి, 30 చక్రాలకు ఒక్క ముక్క సుమారు 107 కోట్లవుతుంది. ఈ లెక్క వల్లనే ఒక ప్రమాదమూ ఉంది. పొరపాటున పడిన పరాయి డీఎన్‌ఏ కూడా అన్ని కోట్లవుతుంది. నకళ్ళ మాటకొస్తే, మనిషి లాలాజల అమైలేజ్ జన్యువు ఏఎంవై1 నకళ్ళు అందరిలో ఒకే సంఖ్యలో ఉండవు. పిండి ఎక్కువ తినే సమాజాల్లో సగటున ఎక్కువ నకళ్ళుంటాయని 2007లో ఒక పరిశోధన చూపింది. మొదటి ఏడాది పింగాణీ పలక మీద ఒక విద్యార్థికి రంగు త్వరగా పోయి పక్కవాడికి ఆలస్యంగా పోవడానికి ఉండే అనేక కారణాల్లో ఇదొకటి కావచ్చు.

భివండీ కుర్రవాడికో అమ్మాయికో ఈ చదువు ముంబై విశ్వవిద్యాలయ పరిధిలో దొరుకుతుంది. ముంబైలో దీనికి పాత పునాది ఉంది. మాటుంగాలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ కెమికల్ టెక్నాలజీ 1933లో విశ్వవిద్యాలయ శాఖగా మొదలైనప్పుడు తొలి కోర్సుల్లో వస్త్ర రసాయన శాస్త్రం ఒకటి. టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్‌లో 1962లో ఒబైద్ సిద్దిఖీ అణుజీవశాస్త్ర విభాగం నెలకొల్పాడు. హైదరాబాద్‌లో 1977లో కణ, అణుజీవశాస్త్ర పరిశోధన కేంద్రం సీసీఎంబీ మొదలైంది. తెలుగు రాష్ట్రాల డిగ్రీ కళాశాలల్లో జీవరసాయన శాస్త్రాన్ని చాలాకాలం రసాయన శాస్త్రంతోనో మైక్రోబయాలజీతోనో కలిపి మూడు సబ్జెక్టుల గుంపుగా చెబుతూ వచ్చారు. పాఠ్యపుస్తకాల్లో లెనింజర్, స్ట్రయర్ లోతుకు, విజయవాడ సిద్ధార్థ వైద్య కళాశాలలో పాఠం చెప్పిన సత్యనారాయణ పుస్తకం పరీక్షకు పనికొస్తాయి. పీజీకి ఐఐటీల జామ్, విశ్వవిద్యాలయాల ప్రవేశ పరీక్షలు దారులు. గణితం పూర్తిగా వదిలేసి వచ్చినవాళ్ళకు ఎంజైమ్ వేగాల దగ్గరా, తెలుగు మీడియం నుంచి వచ్చినవాళ్ళకు మొదటి సెమిస్టర్ ఇంగ్లీషు దగ్గరా కష్టం తగులుతుంది. రెండోది ఏడాదిలో సర్దుకుంటుంది, మొదటిది పట్టించుకోకపోతే పీజీ దాకా వెంటాడుతుంది.

డిగ్రీతో ఆగినవాళ్ళకు మందుల కంపెనీల నాణ్యతా విభాగాలు, రోగనిర్ధారణ ల్యాబ్‌లు, ఎంజైమ్ తయారీ సంస్థలు పని ఇస్తాయి. జౌళి పట్టణాల్లో మురుగునీటి పరీక్ష మరో పని. బట్ట నుంచి కడిగేసిన గంజి నీటిలోకే పోతుంది. గంజి తీసిన నీరు జౌళి వ్యర్థ జలాల కాలుష్య భారంలో పెద్ద వాటా. ఎంజైమ్ ముక్కలు చేసిన పిండిని నీటిలోని సూక్ష్మజీవులు గ్లైకాలిసిస్, క్రెబ్స్ చక్రాల గుండా తింటూ ఆక్సిజన్ లాగేసుకుంటాయి. ఆ లాగేసుకున్న ఆక్సిజనే బీఓడీ. భారత ప్రమాణం ప్రకారం నమూనాను 27 డిగ్రీల దగ్గర 3 రోజులు మూసి ఉంచి, ముందూ వెనకా కరిగిన ఆక్సిజన్ కొలిచి తేడా తీస్తారు. పాలీవినైల్ ఆల్కహాల్‌ను మామూలు సూక్ష్మజీవులు అంత త్వరగా తినలేవు కాబట్టి దాని బీఓడీ తక్కువగా కనిపిస్తుంది. అది నీటిలో మిగిలే ఉంటుంది. అందుకే అలాంటి నీటికి బలమైన ఆక్సీకరణితో చేసే సీఓడీ పరీక్షను కూడా దానితోపాటే చేసి, రెండు అంకెలనూ కలిపి చదువుతారు.